వెదరింగ్ స్టీల్‌లో రేర్ ఎర్త్ వేసే ముందు ఆక్సిజన్ లెక్క చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ ప్లాంటులో వెదరింగ్ స్టీల్ (పైన పట్టే తుప్పే రక్షణగా మారే ఉక్కు) ప్లేటు కోసం రెండు ట్రయల్ హీట్లలో, అంటే రెండు విడతలుగా కరిగించిన ఉక్కులో, రేర్ ఎర్త్ (సీరియం, లాంథనం లాంటి లోహాల) మిశ్రమం వేశారు. రెండింటిలోనూ ఒకే మోతాదు. మొదటి హీట్‌లో ఇన్‌క్లూజన్లు (ఉక్కులో చిక్కుకున్న ఆక్సైడ్, సల్ఫైడ్ కణాలు) చిన్నగా, గుండ్రంగా మారాయి. ఉప్పునీటి పరీక్షలో గుంటలు కూడా తగ్గాయి. రెండో హీట్‌లో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు, పైగా కాస్టింగ్ మధ్యలో నాజిల్ (కరిగిన ఉక్కు అచ్చులోకి దిగే గొట్టం) మూసుకుపోవడం మొదలైంది. రేర్ ఎర్త్ వేస్తే ఇన్‌క్లూజన్లు మారి తుప్పు తగ్గుతుందని పరిశోధన పేపర్లలో రాసింది నిజమేనా, నిజమైతే అసలు ఎంత వెయ్యాలి అన్నది మీ సందేహం.

పేపర్లలో రాసింది నిజమే. కాకపోతే వాటిలో చాలావరకు చిన్న వాక్యూమ్ ఇండక్షన్ ఫర్నేసులో కరిగించిన శుభ్రమైన ఉక్కు మీద చేసినవి. లాడిల్ (ప్లాంటులో కరిగిన ఉక్కును ఉంచే పెద్ద పాత్ర) దగ్గరికి వచ్చేసరికి పైన తేలే మడ్డి, అంటే స్లాగ్ ఉంటుంది, గాలి ఉంటుంది, ఇటుకల లైనింగ్ ఉంటుంది. ఇవన్నీ రేర్ ఎర్త్‌ను తినేస్తాయి. అందుకే "ఎంత వెయ్యాలి" అంటే అందరికీ వర్తించే అంకె ఏదీ చెప్పలేం. వేసే క్షణానికి ఉక్కులో మొత్తం ఆక్సిజన్ ఎంత, గంధకం ఎంత అన్నది తెలిస్తేనే మోతాదు తేలుతుంది. మీరిచ్చిన వివరాల్లో మోతాదు ఉంది, గంధకం ఉంది, ఆక్సిజన్ అంకె మాత్రం లేదు. ఒకే మోతాదుతో రెండు హీట్లు రెండు రకాలుగా వచ్చాయంటే నేను మొదట చూసేది అదే.

ముందు ఈ ఉక్కుకు ఇన్‌క్లూజన్లతో ఉన్న పేచీ ఏమిటో చెప్పుకుందాం. 1933లో అమెరికాలో యు.ఎస్. స్టీల్ కంపెనీ కార్‌టెన్ పేరుతో అమ్మకానికి తెచ్చినప్పటి నుంచి దీని సూత్రం మారలేదు. కొద్దిగా రాగి, క్రోమియం, నికెల్, కొన్ని గ్రేడుల్లో ఫాస్ఫరస్ కూడా కలుపుతారు. తడిసి ఆరుతూ ఉంటే పైన పట్టే తుప్పే కాలక్రమంలో చిక్కబడి, లోపలి లోహాన్ని కాపాడుతుంది. మన రైల్వే వ్యాగన్లకు ఐఆర్‌ఎస్ ఎం-41 అనే రైల్వే ప్రమాణం కింద కొనేది ఈ కుటుంబానికి చెందిన ఉక్కే. ఆ రక్షణ పొర ఏర్పడటానికి నెలలు, సంవత్సరాలు పడుతుంది. అది సమంగా రావాలంటే మొదట్లో తుప్పు ప్లేటంతా ఒకే తీరుగా మొదలవ్వాలి. ఇన్‌క్లూజన్లు ఉన్నచోట మాత్రం తుప్పు ముందే మొదలై, లోతుకు దిగుతుంది. గాలిలో ఉప్పు లేని ప్రాంతంలో ఇది పెద్ద సమస్య కాదు. క్లోరైడ్ తగిలే చోట ఆ చిన్న గుంటే పొర కింద పగులుకు దారి తీస్తుంది.

మామూలు అల్యూమినియం కిల్డ్ ఉక్కులో (అల్యూమినియం వేసి ఆక్సిజన్ తీసేసిన ఉక్కులో) ముఖ్యంగా రెండు రకాల ఇన్‌క్లూజన్లు కనిపిస్తాయి. ఒకటి మాంగనీస్ సల్ఫైడ్. ఉక్కు గడ్డకట్టే చివరి దశలో డెండ్రైట్ల (కొమ్మల్లా పెరిగే ఉక్కు స్ఫటికాల) మధ్య పుడుతుంది, మెత్తగా ఉంటుంది. రోలింగ్‌లో చపాతీ పిండిలా ప్లేటు పొడవునా సాగిపోతుంది. ఇలా సాగిన సల్ఫైడ్ ఉపరితలం దగ్గర బయటపడితే క్లోరైడ్ నీటిలో అదే కరుగుతుంది. గంధకం సమ్మేళనాలు విడుదలై పక్కనున్న ఇనుము కరగడాన్ని ఇంకా వేగవంతం చేస్తాయి. గుంట లోపల కరిగిన ఇనుప అయాన్లు నీటితో చర్య జరిపి ఆమ్లత్వం పెంచుతాయి, దాంతో సల్ఫైడ్ మరింత కరుగుతుంది. ఒకసారి మొదలయ్యాక తనను తానే నడుపుకునే వ్యవహారం ఇది.

రెండోది అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్. ఇది కరగదు, విద్యుత్తు ప్రవహించనివ్వదు, చాలా గట్టిది. ఇబ్బంది దాని అంచుల్లో ఉంది. ఉక్కు చల్లారేటప్పుడు ఎంత కుంచించుకుంటుందో అల్యూమినా అంత కుంచించుకోదు. రోలింగ్‌లో అది సాగదు, విరుగుతుంది లేదా వరసగా చెదురుతుంది. ఫలితంగా దాని చుట్టూ లోహం ఒత్తిడికి లోనై ఉంటుంది, కొన్నిచోట్ల సన్నటి ఖాళీ కూడా ఏర్పడుతుంది. ఉప్పునీరు ఆ ఖాళీలోకి చేరితే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇప్పుడు రేర్ ఎర్త్ సంగతి. ఉక్కు తయారీలో ఆచరణకు వచ్చేది సీరియం, లాంథనం. మిష్‌మెటల్ అని మనం కొనేదాంట్లో సుమారు సగం సీరియం, పావువంతు లాంథనం, మిగతాది నియోడిమియం, ప్రేసియోడిమియం. సీరియం 800 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది, కానీ 3,000 డిగ్రీలు దాటితే గాని మరగదు. కాల్షియం 1,484 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి 1,600 డిగ్రీల ఉక్కులో వేయగానే ఆవిరై పొంగుతుంది. సీరియం అలా చెయ్యదు, నెమ్మదిగా కరిగి కలిసిపోతుంది. అంతవరకూ హాయి. ఇబ్బందంతా దానికి ఆక్సిజన్ మీదున్న ఆకర్షణతో వస్తుంది. ఉక్కులోకి చేరగానే కనిపించిన ఆక్సిజన్‌నంతా పట్టుకుంటుంది, అల్యూమినాలోని ఆక్సిజన్‌ను కూడా లాక్కుంటుంది.

ఈ మార్పు ఒక వరసలో జరుగుతుంది. మొదట అల్యూమినా కణం పైపొర రేర్ ఎర్త్ అల్యూమినేట్‌గా (రేర్ ఎర్త్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన సమ్మేళనంగా) మారుతుంది, అందులోని అల్యూమినియం కొంత తిరిగి ఉక్కులోకి వెళ్ళిపోతుంది. ఇంకా రేర్ ఎర్త్ మిగిలి ఉంటే ఆ అల్యూమినేట్ ఆక్సీసల్ఫైడ్‌గా (ఆక్సిజన్, గంధకం రెండూ ఉన్న రేర్ ఎర్త్ సమ్మేళనంగా) మారుతుంది. ఈ దశ నుంచి గంధకం కూడా పట్టుబడటం మొదలవుతుంది. ఆక్సిజన్ పని పూర్తయ్యాక కూడా మిగిలితే అప్పుడు రేర్ ఎర్త్ సల్ఫైడ్. మాంగనీస్ సల్ఫైడ్ పుట్టకుండా పోయేది ఇక్కడే, ఎందుకంటే దానికి కావలసిన గంధకం అప్పటికే ఖర్చయిపోయింది. మోతాదు సగంలో ఆగితే మీకు వచ్చేది పైన అల్యూమినేట్ పొర తొడుక్కున్న అల్యూమినా, పక్కనే ఎప్పటిలా సాగిన మాంగనీస్ సల్ఫైడ్. మీ రెండో హీట్ ఫోటోలు చూస్తే నాకు సరిగ్గా ఇదే కనిపిస్తోంది.

అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. లెక్క తేలిక కోసం అంతా సీరియమే అనుకుందాం. ఉక్కులో మొత్తం ఆక్సిజన్ 15 పీపీఎం (బరువులో పది లక్షల భాగాలకు 15), గంధకం 40 పీపీఎం ఉందనుకోండి. ఆ ఆక్సిజన్ అంతా అల్యూమినేట్‌గా మాత్రమే మారాలంటే సుమారు 44 పీపీఎం సీరియం చాలు. అప్పటికి గంధకం చెక్కుచెదరదు. అదే ఆక్సిజన్ పూర్తిగా ఆక్సీసల్ఫైడ్ కావాలంటే 131 పీపీఎం కావాలి, అది 15 పీపీఎం గంధకాన్ని కూడా తీసుకుంటుంది. మిగిలిన 25 పీపీఎం గంధకం సల్ఫైడ్‌గా మారడానికి ఇంకో 73 పీపీఎం. మొత్తం 204 పీపీఎం, అంటే 150 టన్నుల లాడిల్‌కు 30 కిలోల పైచిలుకు, అదీ ఒక్క గ్రాము వృథా కాకపోతే.

ఇప్పుడు గంధకం అంతే ఉంచి ఆక్సిజన్‌ను 40 పీపీఎం చేయండి. ఆక్సీసల్ఫైడ్‌కే 350 పీపీఎం సీరియం కావాలి, 150 టన్నులకు 52 కిలోలు దాటుతుంది. మొదటి లెక్కకు సరిపోయిన 30 కిలోలు ఇక్కడ ఏ మూలకూ చాలవు. సరే, ఆ 52 కిలోలూ వేశామే అనుకుందాం. అప్పుడు ఉక్కులో తేలుతున్న ఇన్‌క్లూజన్ల మొత్తం కూడా దాదాపు అదే పాళ్ళలో పెరుగుతుంది. శుభ్రంగా లేని ఉక్కును రేర్ ఎర్త్‌తో శుభ్రం చేద్దామనుకోవడం ఈ కారణం వల్లే కుదరదు. ముందు అల్యూమినియంతో, వాక్యూమ్‌తో, మంచి స్లాగ్‌తో ఆక్సిజన్‌ను 15 పీపీఎం దగ్గరకు, గంధకాన్ని 40 లేదా అంతకంటే తక్కువకు దించాలి. ఆ తర్వాతే రేర్ ఎర్త్.

దీనికి ఇంకో కోణం ఉంది, చాలామంది పట్టించుకోనిది. రేర్ ఎర్త్ ఇన్‌క్లూజన్లు బరువైనవి. ద్రవ ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7 గ్రాములు. అల్యూమినాది సుమారు 4, సీరియం ఆక్సీసల్ఫైడ్‌ది దాదాపు 6. తేలే వేగం సాంద్రతల మధ్య తేడాను బట్టి ఉంటుంది కాబట్టి, అదే సైజు అల్యూమినా కణంతో పోలిస్తే ఇది మూడో వంతు వేగంతోనే పైకి వస్తుంది. తేలి స్లాగ్‌లో కలిసిపోతుందిలే అని ధీమాగా ఉండటానికి లేదు. అవి ఉక్కులోనే ఉండిపోతాయి, కొన్ని నాజిల్ గోడకు అంటుకుంటాయి. పైగా సబ్‌మెర్జ్‌డ్ నాజిల్ (కొస ద్రవ ఉక్కులో మునిగి ఉండేది) అల్యూమినా గ్రాఫైట్‌తో చేసింది అయితే, ఉక్కులో మిగిలిన రేర్ ఎర్త్ ఆ అల్యూమినాతోనే చర్య జరిపి గోడ మీదే అల్యూమినేట్ పొర కడుతుంది. తర్వాత వచ్చే కణాలకు ఆ గరుకు పొర మంచి ఆసరా. మీ నాజిల్ ముక్కను పారేయకుండా ఉంచి ఉంటే అడ్డంగా కోసి చూడండి, లోపలి పొరలో సీరియం కనిపిస్తుందని నా అంచనా.

ఈ తలనొప్పి కొత్తది కాదు. 1970ల మొదట్లో అమెరికాలో లో అల్లాయ్ స్టీళ్ళలో సల్ఫైడ్ ఆకారాన్ని అదుపు చెయ్యడానికి మిష్‌మెటల్ బాగా వాడారు. ప్లేటుకు అడ్డం దిశలో ఇంపాక్ట్ బలం పెరగడం అప్పటి లక్ష్యం. గంధకాన్ని బాగా తగ్గించే పద్ధతులు, కాల్షియం ఇంజెక్షన్ వచ్చాక చాలామంది అటు మళ్ళారు. రేర్ ఎర్త్‌తో ఇన్‌క్లూజన్లు గుంపుగా పేరుకోవడం, నాజిల్ మూసుకుపోవడం అందుకు పెద్ద కారణాలు. చైనాలో మాత్రం వదల్లేదు. బావోటౌ దగ్గరి బయాన్ ఓబో గనిలో ప్రపంచంలోనే అతిపెద్ద రేర్ ఎర్త్ నిక్షేపం ఉంది, కాబట్టి వాళ్ళ రైలు వ్యాగన్ల వెదరింగ్ స్టీల్ గ్రేడుల్లో రేర్ ఎర్త్ ఎప్పటి నుంచో ఉంది. షెన్యాంగ్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటల్ రీసెర్చ్ వాళ్ళు ఈ మధ్య గట్టిగా చూపించిన విషయం మీకు నేరుగా పనికొస్తుంది: ఉక్కులోనే కాదు, వేసే రేర్ ఎర్త్ లోహంలో కూడా ఆక్సిజన్ తక్కువ ఉండాలి. స్టోర్స్‌లో గాలికి ఉండి పైన బూజులా పొడి పట్టిన మిష్‌మెటల్ దిమ్మ వేస్తే, మీరు వేస్తున్నది కొంత లోహం, కొంత తయారుగా ఉన్న ఆక్సైడ్ ఇన్‌క్లూజన్లు. రెండు హీట్లకూ ఒకే డ్రమ్ములోంచి తీశారా? మూత తీసిన రోజుకూ రెండో హీట్‌కూ మధ్య ఎంత కాలం గడిచిందో స్టోర్స్‌లో అడగండి.

తుప్పు విషయానికి వస్తే, ఇక్కడ చాలా పేపర్లు ఆశ ఎక్కువ పెడతాయి. రేర్ ఎర్త్ ఇన్‌క్లూజన్లు క్లోరైడ్ నీటిలో కరగవని అనుకోకండి. ఆక్సీసల్ఫైడ్, సల్ఫైడ్ భాగాలు కరుగుతాయి, కొన్నిసార్లు చుట్టూ ఉన్న ఉక్కు కంటే ముందే. లోపలున్న అల్యూమినేట్ గింజ మాత్రం అలాగే ఉంటుంది. తేడా ఎక్కడంటే, ఆ కణం ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల గుండ్రటి ముక్క. అది కరిగితే మిగిలేది లోతులేని చిన్న గుంట. పదుల మైక్రాన్ల పొడవు సాగిన మాంగనీస్ సల్ఫైడ్ కరిగితే మిగిలేది సొరంగం. చిన్న గుంటను తుప్పు త్వరగా నింపేస్తుంది, తుప్పు పక్కలకు పాకి సాధారణ తుప్పుగా మారుతుంది. వెదరింగ్ స్టీల్‌కు మనం కోరుకునేది కూడా అదే.

కరిగిన సీరియం, లాంథనం అయాన్లు క్షారత్వం పెరిగిన కాథోడ్ ప్రాంతంలో హైడ్రాక్సైడ్‌గా పేరుకుని తుప్పును అడ్డుకుంటాయని కూడా రాస్తారు. రసాయనికంగా అది సరైనదే. సీరియం లవణాలను నీటిలో కలిపి వాడినప్పుడు ఆ ప్రభావం బాగా కనిపిస్తుంది. కానీ 200 పీపీఎం ఉన్న ప్లేటు నుంచి వచ్చే అయాన్లు ఎన్ని? లాభంలో ఎక్కువ భాగం ఇన్‌క్లూజన్ ఆకారం, సైజు, చెదిరిన తీరు వల్లే వస్తుందని నా అభిప్రాయం. అలాగే "ఉక్కులో కరిగి ఉన్న రేర్ ఎర్త్" మీద లెక్కలు వేసుకోకండి, అది చాలా స్వల్పం. మోతాదు మించితే మిగిలిన రేర్ ఎర్త్ ఫాస్ఫరస్, ఆర్సెనిక్ లాంటి వాటిని పట్టుకుంటుంది, గ్రెయిన్ల (ఉక్కులోని స్ఫటిక రేణువుల) సరిహద్దుల్లో పెళుసు సమ్మేళనాలు వస్తాయి. మీ గ్రేడు ఫాస్ఫరస్ ఎక్కువున్న రకమైతే అది రెండు విధాల నష్టం, ఎందుకంటే ఆ ఫాస్ఫరస్ మనకు తుప్పు పొర కోసం కావాలి.

మైక్రోస్కోప్ దగ్గర చూసేటప్పుడు ఒక సౌకర్యం ఉంది. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో బ్యాక్‌స్కాటర్ చిత్రం పెట్టండి, అందులో బరువైన మూలకాలు తెల్లగా కనిపిస్తాయి. ఇనుము పరమాణు సంఖ్య 26, లాంథనం 57, సీరియం 58. అందుకే బూడిదరంగు ఉక్కులో రేర్ ఎర్త్ ఇన్‌క్లూజన్లు తెల్లగా మెరుస్తాయి, అల్యూమినా, మాంగనీస్ సల్ఫైడ్ నల్లగా ఉంటాయి. ఒకే కణంలో నల్లటి మధ్యభాగం, దాని చుట్టూ లేత బూడిద వలయం, అంచున తెల్లటి పట్టీ కనిపిస్తే మార్పు సగంలో ఆగిందన్నమాట. లోపల అల్యూమినా, తర్వాత అల్యూమినేట్, బయట ఆక్సీసల్ఫైడ్. ఆ ఒక్క కణం మీ మోతాదు చరిత్రంతా చెప్పేస్తుంది. ఎక్స్-రే విశ్లేషణలో టైటానియం ఉన్న ఉక్కైతే జాగ్రత్త, దాని గీతలు లాంథనం, సీరియం గీతల పక్కనే పడతాయి. శాంపిల్ ఎప్పుడూ రోలింగ్ దిశ వెంటే కోయండి. చివరి పాలిష్‌కు నీటి బదులు ఆల్కహాల్ వాడండి, లేకపోతే నీటికి కరిగే సల్ఫైడ్లు ఊడిపోయి ఖాళీ గుంటలు మిగులుతాయి.

మీ క్వాలిటీ విభాగంతో ఒక మాట ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇన్‌క్లూజన్లకు రేటింగ్ ఇచ్చే ఏఎస్‌టీఎం ఈ45 చార్టు ప్రకారం సాగిన సల్ఫైడ్లు ఎ రకం, అల్యూమినా వరసలు బి రకం, గుండ్రటివి డి రకం. రేర్ ఎర్త్ సరిగ్గా పనిచేస్తే ఎ, బి రెండూ పడిపోతాయి, డి పెరుగుతుంది. చార్టులో డి రేటింగ్ పెరిగిందని హీట్‌ను తిరస్కరించిన సందర్భాలు నేను చూశాను. అది ట్రయల్ విఫలమైందనడానికి గుర్తు కాదు.

ఇంకొకటి, ఈ ప్లేటు ఎక్కడ వాడతారో మీరు చెప్పలేదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరం కోసమైతే రేర్ ఎర్త్ మీద భారమంతా వెయ్యకండి. పూత లేని మామూలు వెదరింగ్ స్టీల్‌కు జపాన్‌లో పెట్టుకున్న హద్దు రోజుకు 100 చదరపు సెంటీమీటర్లకు 0.05 మిల్లీగ్రాముల ఉప్పు. అంతకు మించి పడే తీరప్రాంతాల కోసం వాళ్ళు 3 శాతం నికెల్ గ్రేడు తయారు చేసుకున్నారు. హవాయిలో 1975లో తెరిచిన అలోహా స్టేడియం వెదరింగ్ స్టీల్‌తో కట్టిందే, సముద్రపు గాలికి పొర నిలవక తర్వాతి దశాబ్దాల్లో తుప్పు మరమ్మతులకు భారీగా ఖర్చయింది. ఇన్‌క్లూజన్లు మార్చితే గుంటలు మొదలయ్యే తీరు మెరుగవుతుంది, అంతే. నికెల్ చేసే పని అది చెయ్యదు, నీరు నిలిచే డిజైన్ లోపాన్ని సరిదిద్దదు.

అయినా ఈ పని మీద నాకు నమ్మకం ఉంది, మన దగ్గర చెయ్యాల్సిన పని కూడా. భీమిలి ఇసుకతో సహా మన తీరంలో మోనజైట్ (రేర్ ఎర్త్ ఉన్న ఖనిజం) ఉంది, దేశంలో ఆ నిల్వల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంది. మోనజైట్ నుంచి నియోడిమియం తీస్తే దానితో పాటు సీరియం, లాంథనం అంతకంటే ఎక్కువగా బయటికొస్తాయి. అయస్కాంతాలకు గిరాకీ నియోడిమియంకే. మిగిలిన రెండింటికీ టన్నుల లెక్కన వాడకం దొరికే చోటు ఉక్కు.

మూడో ట్రయల్ ఇలా చేసి చూడండి. వాక్యూమ్ పూర్తయ్యాక, అల్యూమినియం సరిచేశాక, మెల్లగా ఆర్గాన్ తిప్పి అల్యూమినా తేలడానికి సమయం ఇవ్వండి. స్లాగ్‌లో ఇనుప ఆక్సైడ్, మాంగనీస్ ఆక్సైడ్ కలిపి 2 శాతం లోపు ఉండాలి. సిలికా ఎక్కువున్న స్లాగ్ వద్దు, రేర్ ఎర్త్ దాన్ని కూడా క్షయకరణం చేస్తుంది. రేర్ ఎర్త్ వేసే ముందు ఒక శాంపిల్ తీసి మొత్తం ఆక్సిజన్, గంధకం కొలిచి, పై లెక్క ప్రకారం మోతాదు కట్టండి. స్లాగ్ మీద పడకుండా వాక్యూమ్ హాపర్ నుంచో, వైర్ రూపంలో లోతుకో పంపండి. ఆ తర్వాత కాల్షియం వెయ్యకండి, రెండూ ఒకే గంధకం కోసం పోటీ పడితే ఏది ఏం చేసిందో తేల్చడం కష్టం. టండిష్‌ను (లాడిల్‌కూ అచ్చుకూ మధ్య ఉండే తొట్టెను) ఆర్గాన్‌తో నింపి, ష్రౌడ్ (లాడిల్ నుంచి టండిష్‌కు ఉక్కును గాలి తగలకుండా దింపే గొట్టం) జాయింట్ చూసుకోండి.

వేసిన ఐదు నిమిషాలకు లాడిల్ నుంచి, తర్వాత టండిష్ మధ్యలో, చివరికి స్లాబ్ నుంచి శాంపిళ్ళు తీయండి. మూడింట్లోనూ సీరియం, లాంథనం, ఆక్సిజన్‌తో పాటు నైట్రోజన్ కూడా కొలవండి. లాడిల్ నుంచి టండిష్‌కు నైట్రోజన్ 5 పీపీఎం కంటే ఎక్కువ పెరిగితే ష్రౌడ్ దగ్గర గాలి పీలుస్తోందని అర్థం, సీరియం తగ్గుదల కూడా అక్కడే కనిపిస్తుంది. ఆ అంకెలు, బ్యాక్‌స్కాటర్ ఫోటోలు ఇక్కడ పెట్టండి, మోతాదు కలిసి చూద్దాం.